ఫోటో కోసం కట్టిన బెల్టు

ఆ నారింజ రంగు బెల్టును నేను నలుగురి ఒంటి మీద చూశాను. నాలుగు బెల్టులు కావు, ఒకటే. పొద్దున్నే వేంపల్లె దారిలో ఒక నిద్రగన్నేరు చెట్టు కింద, పావుగంటలో, ఒకరి నడుము నుంచి ఇంకొకరి నడుముకు మారింది. నాలుగో మనిషి ఫోటో కూడా అయ్యాక దాన్ని హెల్మెట్‌తో పాటు సంచిలో పెట్టి, జీపు వెనక సీటు కిందికి తోశారు. ఆ తర్వాతే పని మొదలైంది.

ఇది నేను కళ్లారా చూసిన సంగతి. పేపర్లో రాసింది వేరు.

ముప్పై ఏళ్లు జిల్లా విలేకరిగా పనిచేశాను. ఆ నలుగురిలో పెద్దవాడు నాకు అంతకు ముందే తెలుసు. కడపలో మా ఆఫీసు రేకుల మీదికి వాలిన వేప కొమ్మను కొట్టడానికి వచ్చి పరిచయమైన మనిషి. నా ఈడువాడే. ఆ రోజు వచ్చీ రాగానే ఎక్కుతాడనుకుంటే, చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని, టీ తెప్పించుకుని, పైకి చూస్తూ అరగంట గడిపాడు. నాకు విసుగొచ్చింది.

"ఏమప్పా, ఎక్కుతావా లేదా?"

"ఎక్కుతానే ఉండా. ముందు కన్ను ఎక్కల్ల, తర్వాతే కాలు."

అప్పట్లో ఆయన సామాను మూడే: గొడ్డలి, చేతిరంపం, మోకు. ఆ మోకు నూలుది, బొటనవేలంత లావు, తానే పేనుకున్నది. చెమటకు, చెట్ల పసరుకు నల్లబడిపోయింది. పైకొమ్మ చుట్టూ తిప్పి, నడుముకు, తొడల కిందికి వేసి ముడి బిగించి, రెండుసార్లు ఊగి చూసుకున్నాకే రంపం అందుకునేవాడు. కొమ్మకు ముందు కిందిపక్క గాటు పెట్టి ఆ తర్వాత పైనుంచి కోయాలని నాకు చెప్పింది ఆయనే. అలా చేయకపోతే బరువుకు కొమ్మ చీలి, బెరడుతో సహా వెనక్కి లేచి, ఎక్కినవాడి రొమ్ము మీద తంతుందట.

"చింత మాట మీద నిలబడతాది. వేప పచ్చిగా ఉన్నన్నాళ్లు మంచిదే. ఈ నిద్రగన్నేరు ఉండాదే, చూడ్డానికి పెద్దమనిషి, లోపలంతా బెండు," అనేవాడు.

వేసవిలో గాలివానలు మొదలయ్యేలోపు రోడ్డు మీదికి, కరెంటు తీగల మీదికి వంగిన కొమ్మలు తీసేయాలి. ఆ ఏడు వేంపల్లె దారి పని ఒక కాంట్రాక్టరుకు వచ్చింది. చెట్టెక్కేవాళ్లు హెల్మెట్, బెల్టు పెట్టుకున్న ఫోటో ప్రతి పొద్దూ ఫోనులో పంపాలని, అది లేకపోతే బిల్లు కాదని పైనుంచి నిబంధన పెట్టారు. కాంట్రాక్టరు ఒక జత కొన్నాడు. ఫోటోకు ఒక జత చాలు కదా.

నేను ఆ పొద్దున పోయింది కూడా ఫోటో కోసమే. పెద్దాయనకు బెల్టు బిగిస్తుంటే తక్కిన ముగ్గురూ చుట్టూ చేరి ఆట పట్టించారు.

"మామా, కొంచెం నగు. పెండ్లికొడుకు మాదిరి ఉండావు."

"ఔను రా. బాడుగ కోటు పెండ్లికొడుకుని. తాళి కట్టేలోపే ఇప్పిస్తారు."

అన్నట్టే బెల్టు విప్పించారు. ఆయన తన సంచిలోంచి మోకు తీసి భుజాన వేసుకున్నాడు. కాంట్రాక్టరు పెట్టిన మేస్త్రీ అది చూసి పరుగున వచ్చాడు.

"అది తీసి పక్కన పెట్టు పెద్దాయనా. దారిన పోయేవాడెవడన్నా ఫోటో కొడితే, బెల్టు ఉండంగా ఈ పాత మోకేందని అడుగుతారు. బిల్లు నిలిచిపోతాది."

"బెల్టు యాడుండాది?"

"జీపులో ఉండాది."

"నేను చెట్టు మీద ఉంటా గదప్పా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మేస్త్రీ మాత్రం నవ్వలేదు. "ఈ ఒక్క రోడ్డు పనికే. ఇష్టం లేకుంటే చెప్పు, వేరేవాళ్లను పిలుస్తా," అన్నాడు. పెద్దాయన కాసేపు చెట్టు కేసి, కాసేపు మోకు కేసి చూసి, దాన్ని తన మోపెడ్ హ్యాండిల్‌కు తగిలించాడు. కాంట్రాక్టరు ఇచ్చిన రంపం మిషన్ భుజానికి వేసుకుని, నడుముకు ఏ తాడూ లేకుండా ఎక్కాడు.

సాయంత్రం ఆఫీసులో కూర్చుని, బెల్టుతో ఉన్న ఆయన ఫోటో పంపాను. ఫోటో బాగా వచ్చింది. ఎండ ముఖం మీద పడుతోంది, వెనక చెట్టు, పెదాల మీద సగం నవ్వు. పైన 'భద్రతకు పెద్దపీట' అని శీర్షిక పెట్టాను. కింద, రక్షణ బెల్టు ధరించి కొమ్మలు తొలగిస్తున్న కార్మికుడు అని రాశాను. అలా రాయమని నన్నెవరూ అడగలేదు. నాకు ఎవరూ టీ కూడా ఇప్పించలేదు. పోలీసు కవాతుకూ, బడి బస్సుల తనిఖీకీ ఎన్నోసార్లు వాడిన శీర్షికే. చెయ్యి దానంతటదే రాసింది. చూసిందేమిటో రాయాలంటే ఇంకో పది వాక్యాలు పట్టేవి, ఇద్దరు ముగ్గురికి ఫోన్లు చేయాల్సి వచ్చేది. అంత ఓపిక పెట్టలేదు.

పదిహేను రోజులు కాకముందే అదే దారిలో ఆయన చెట్టు మీంచి పడ్డాడు. తక్కిన ముగ్గురిలో ఒకడు ఫోన్ చేసి చెప్పాడు. కింద గాటు పెట్టాడట, పద్ధతి తప్పలేదట. కానీ కొమ్మ లోపల బెండుపట్టి ఉండి, అనుకున్న చోట కాక మొదలు దగ్గరే చీలింది. ఆ తోపుకు పట్టు తప్పాడు.

"మోకు ఉంటే ఏలాడేటోడు సార్. దించుకునేటోళ్లం. ఆ మోకు చూస్తే ఈడ మోపెడ్‌కు తగిలించి ఉండాది."

తుంటి ఎముక విరిగింది. బతికాడు కానీ కాలు పొట్టిదైపోయింది. కర్ర లేకుండా నడవలేడు. పరిహారం కోసం కార్మిక శాఖలో అర్జీ పెట్టుకుంటే, కాంట్రాక్టరు తరఫువాళ్లు నా పేపరు ముక్క తెచ్చి చూపించారు. మేము బెల్టు ఇచ్చాం, ఇతనే తీసేసి ఎక్కాడు, అన్నారు. ఇచ్చిన రక్షణ సామాను కార్మికుడే కావాలని తీసేశాడని తేలితే పరిహారం రాదు.

ఆయన భార్య నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆమె చేతిలో అదే ముక్క. దాని వెనక గోడ సున్నం పెచ్చులు అంటుకుని ఉన్నాయి.

"పేపర్లో పడినాడని గోడకు అంటించినా అన్నా. వచ్చినోళ్లకంతా చూపించినా. ఇప్పుడు వాళ్లూ ఇదే చూపిస్తాండారు. నువ్వు ఆ పొద్దు ఆడనే ఉంటివంట గదా. బెల్టు విప్పించింది వాళ్లేనని ఒక్క మాట చెప్పు. ఆయప్ప అబద్ధాల మనిషని రాసుకుంటాండారు."

ముందు సవరణ వేయించాలనుకున్నాను. డెస్కులో ఉన్న కుర్ర ఇన్‌చార్జి ఒకటే ప్రశ్న వేశాడు. "ఫోటోలో బెల్టు ఉందా లేదా సార్?" ఉందన్నాను. "మరి సవరణ దేనికి?"

విచారణకు పోయాను. అధికారి మర్యాదస్తుడు, నాకు కుర్చీ వేయించాడు. పెద్దాయన బయట బల్ల మీద కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చూసిందంతా చెప్పాను.

"అప్పుడు రాసింది నిజమా? ఇప్పుడు చెబుతున్నది నిజమా?"

"ఇప్పుడు చెబుతున్నది."

"అంటే అప్పుడు అబద్ధం రాశారు."

"అవును."

"అప్పుడు అబద్ధం రాసిన మనిషి ఇప్పుడు నిజం చెబుతున్నాడని నేనెలా నమ్మేది?"

తక్కిన ముగ్గురూ సాక్ష్యానికి రాలేదు. వాళ్లింకా ఆ కాంట్రాక్టరు కిందనే చెట్లెక్కుతున్నారు. వాళ్లను తప్పుపట్టే అర్హత నాకెక్కడిది? అర్జీ కొట్టేశారు. బెల్టు తానే తీసేశాడని కాగితం మీద తేలిపోయింది.

మెట్లు దిగడానికి పెద్దాయనకు చెయ్యి అందించబోతే వద్దని, పక్క గోడ పట్టుకుని దిగాడు.

"నువ్వు రాసింది అచ్చులో ఉండాది. చెప్పింది గాలికి పాయె," అన్నాడు.

ఈమధ్య వాళ్ల ఊరికి పోయాను. చావిడి ముందు మంచంలో ఉన్నాడు. ఎదురుగా గుంజకు కట్టేసిన గేదె తల విదిలిస్తోంది. దాని మెడలో ఉన్న తాడును గుర్తుపట్టాను.

"అదేనా?"

"అదే. ఈ ఎనుము దినామూ గుంజుతానే ఉంటాది. ఇంకా ఒక్క పోగు తెగలే."

చెయ్యి చాచి తాడును లాగి చూపించాడు. గుంజ కదిలింది కానీ తాడు సడలలేదు. తర్వాత నా చొక్కా జేబులోని ఫోను కేసి చూశాడు.

"తీసుకోప్పా ఫోటో. దీనికి బిల్లు నిలిపేవాడు ఎవడూ లేడు."