వీరేశం వేళ్ల పరీక్ష

"ఏమయ్యా వీరేశం, నీకు అంకెలు చదవడం రాదా?" అని మా అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడు విశ్వేశ్వరరావు గారు నలుగురి ముందే అడిగేశారు.

అడగడంలో తప్పు లేదు. నానక్‌రామ్‌గూడలో మా వీధంతటికీ ఇంటర్నెట్ ఇచ్చే ఈ మనిషి, నెట్ ఎంత వేగంగా వస్తోందో తెలుసుకోవడానికి ఏ అంకే చూడడు. మీ వైఫై మీదే మీకు వీడియో కాల్ చేసి, కాంపౌండు గోడ దగ్గరికి వెళ్లి, కెమెరా ముందు చేతివేళ్లు చకచకా ఆడిస్తాడు. "ఎన్ని వేళ్లు?" అంటాడు. మీరు చెప్పాలి. తప్పారో, మళ్లీ మొదటి నుంచి.

"అంకెలు వస్తయి సార్," అన్నాడు వీరేశం. "గని అవి కంపెనీ చెప్పమన్నదే చెప్తయి. వేలు అట్ల కాదు. కనవడ్తే కనవడ్తది, లేకుంటే లేదు."

ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఇంజనీరుగా అంకెల మీదే బతికిన రావు గారు ఆ పూట టిఫిన్ కూడా సరిగ్గా తినలేదట.

మేం ఈ ఫ్లాట్‌లో దిగిన రోజు మాకూ ఆ పరీక్ష జరిగింది. గంటంబావు పట్టింది. రౌటర్ పట్టుకుని గది గదికీ తిరగడం మా ఆయన సందీప్ పని, ఫోన్ చూసి జవాబు చెప్పడం నా పని.

"మేడం, ఎన్ని?"

"మూడు."

"గిప్పుడు?"

"రెండు. కాదు, ఒకటి."

"రెండే ఉండె. ఒకటి సగంల ఆగింది. హాలు ఫెయిల్."

పడకగదులు రెండూ ఫెయిలయ్యాయి. బాల్కనీకి గ్రేసు మార్కులు వెయ్యబోయి మనసు మార్చుకున్నాడు. చివరికి వంటింట్లో, వెనక కిటికీ పక్కన, పోపుల పెట్టెకి జానెడు దూరంలో మా రౌటర్ ఫస్టు క్లాసులో పాసైంది.

"వంటింట్లో ఇంటర్నెట్ ఏమిటండీ?" అన్నాను.

"ఇల్లు నడిచేదే ఆడికెంచి గద మేడం," అని మేకు కొట్టేశాడు.

దాంతో మా సంసారం మారిపోయింది. మాదాపూర్ ఆఫీసులో పనిచేసే సందీప్‌కి వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. సిగ్నలు బాగుంటుందని లాప్‌టాప్ తెచ్చి గ్యాసు గట్టు మీద పెట్టుకున్నాడు. ఇంట్లో పప్పో కూరో వాళ్ల జట్టుకి కుక్కర్ కూతను బట్టి తెలిసిపోయేది. మూడో విజిల్‌కి మీటింగు ముగించడం వాళ్లకి ఆనవాయితీ అయింది. రౌటర్ కన్నాల్లో ఆవాలు దొరికేవి. ప్రతి నెలా ఒకటో తారీఖున వీరేశం మెత్తని గుడ్డతో వచ్చి, దానికి పట్టిన నూనె జిడ్డు శ్రద్ధగా తుడిచేవాడు.

"తాలింపు పెట్టేటప్పుడు జర మూత ఏస్కోండ్రి మేడం. దీనికి దగ్గొస్తది."

ఇంకో వింత ఆయన చొక్కా. స్తంభాలెక్కి తీగలు లాగే మనిషి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తప్ప వేసుకోడు. చేతుల మడత మీద కూరగాయలు తరగొచ్చు.

"పెళ్లికెళ్తున్నారా?" అంటే, "లేదు మేడం, పక్క గల్లీల ఫాల్టుంది," అనేవాడు.

ఇలా ఉండగా ఒక పెద్ద కంపెనీ కుర్రాడు టై కట్టుకుని వచ్చాడు. అపార్ట్‌మెంట్ మొత్తం మారితే ఇంటికి నెలకి యాభై రూపాయలు తక్కువ, పెట్టె ఎక్కడ కావాలంటే అక్కడ. ఆదివారం సంఘం మీటింగులో తేల్చాలన్నారు. మారిపోవాలని అందరికన్నా గట్టిగా అన్నది నేనే. చిన్న వ్యాపారి బతకాలి అని కాఫీ తాగుతూ ఉపన్యాసాలిచ్చే రకం కాదు నేను. నాకు కావలసింది హాల్లో నెట్.

గురువారం నాడు సందీప్ ఆదివారం దాకా ఆగలేక మేకు పీకేశాడు. మిగులు తీగ చుట్ట విప్పి రౌటర్‌ని హాల్లో టీవీ పక్కన పెట్టాడు. నెట్ భేషుగ్గా వచ్చింది. ఏ గదిలోనూ ఏ వేలూ ఆగలేదు. అంటే రెండేళ్లుగా ఈ మనిషి మాతో ఆడుకున్నాడన్నమాట.

శనివారం మధ్యాహ్నం బెల్లు మోగింది. తలుపు తీస్తే వీరేశం. రొప్పుతున్నాడు.

"మేడం, డబ్బా కదిలిచ్చిండ్రా?"

"మీకెవరు చెప్పారు?"

వీరేశం చెప్పులు విడిచి వంటింట్లోకి నడిచి వెనక కిటికీ తెరిచాడు. "జర ఇటు చూడుండ్రి."

గోడ అవతల రేకుల షెడ్డు కింద జ్యోత్స్న ఉంది. మా బట్టలు ఇస్త్రీ చేసే అమ్మాయి. ఆమెకి పుట్టుకతో వినబడదు, మాట రాదు. అది నాకు తెలుసు. ఆమెకి కూడా ఎవరితోనో ఒకరితో కబుర్లుంటాయని మాత్రం రెండేళ్లలో ఒక్కసారీ తోచలేదు. బల్ల మీద ఇస్త్రీ పెట్టెకి ఫోన్ ఆనించి, దాని వంకే చూస్తూ కూర్చుంది.

"ఆమె పెనిమిటి రాకేశ్. సూరత్ల మగ్గాల మీద పని. ఆయనకూ వినవడదు," అన్నాడు వీరేశం. "రోజు ఒకటిన్నరకు అన్నం బెల్లు. అప్పుడే ఇద్దరి ముచ్చట. చేతులతోని. బొమ్మ ఆగితే మాట ఆగినట్టే గద మేడం. ఈ అద్దాల బిల్డింగుల నడుమ ఫోన్ సిగ్నల్ ఏడ అందుతది?"

"ఆమెకే ఒక కనెక్షన్ ఇవ్వొచ్చుగా?"

"షెడ్డుకు కాగితం లేదు, నంబరు లేదు. నాకు లైనిచ్చే కంపెనీ ఒప్పుకోదు. అందుకే మీ డబ్బాలనే ఆమెకు ఇంకో వైఫై పేరు పెట్టిన. మీరు వంద స్పీడుకు పైసలు కడ్తున్నరు. నేను నూట ఇరవై ఇస్తున్న. ఆ ఇరవై గోడ దాట్తది. మీది మీకు తక్కువ కాలే."

"మాకో మాట చెప్పాల్సింది."

"చెప్తే మీరు మంచోళ్లు, సరే అంటరు. ఇగ రోజు ఆమెను చూసి అదో రకంగ నవ్వుతరు. ఆమెకు అది నచ్చదు."

అప్పటికే నా మొహం మీదికి ఆ నవ్వు వచ్చేసింది.

"మొన్న కొట్లాట నడుస్తుండంగ బొమ్మ ఆగింది. ‘పో’ అని చెయ్యి ఊపినకాడ. ఎనకనే ‘పోయి అన్నం తిను’ అనేది ఉండె. అది ఆయనకు అందలే. రెండు దినాల సంది ఈమె రోడ్డు మీదికి పోయి చేసినా ఆయన ఫోన్ ఎత్తుతలేడు. ఈమె ఏమో పొద్దుగాల నా దుకానం ముంగట నిలవడి నన్ను తిట్టింది. రెండు చేతులతోని."

సందీప్ అప్పటికే హాల్లో తీగ చుడుతున్నాడు. రౌటర్ పాత మేకుకి ఎక్కింది. ఎర్రదీపం ఆకుపచ్చగా మారింది. వీరేశం కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి నాలుగు వేళ్లు ఆడించాడు. జ్యోత్స్న ఫోన్‌లో సిగ్నల్ గీతలు చూసి, తిరిగి నాలుగు వేళ్లు చూపించింది.

పావుగంట అవతల రాకేశ్ ఫోన్ మోగుతూనే ఉందనుకుంటాను. తర్వాత ఆమె గభాలున నిటారుగా కూర్చుంది. ‘పో’ అని చెయ్యి ఊపి, వెంటనే నోటి దగ్గర ముద్ద పెట్టుకున్నట్టు చూపించింది. ఒకటికి పదిసార్లు చూపించింది. అవతల ఏం జవాబొచ్చిందో, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంక చూస్తే చాటుగా వినడమే అవుతుందని నేను కిటికీ మూసేశాను.

ఆదివారం మీటింగులో నేను ప్లేటు ఫిరాయించాను. కారణం చెప్పమన్నారు. చెప్పడానికి లేదు.

"నాకు వేళ్ల పరీక్ష మీదే నమ్మకం కుదిరింది," అన్నాను. అందరూ నవ్వారు. సందీప్ తల దించుకున్నాడు.

విశ్వేశ్వరరావు గారు మాత్రం నవ్వలేదు. కళ్లజోడు తుడుచుకుంటూ, "మా వంటింట్లోనూ బానే పనిచేస్తోందండీ, ఉండనిద్దాం," అన్నారు. ఆయన వంటింటి గోడ అవతల ఎవరున్నారో నేను అడగలేదు.

ఇప్పుడు కూడా ఒకటిన్నరకి సందీప్ మీటింగు కుక్కర్ పక్కనే జరుగుతుంది. తాలింపు వేసేటప్పుడు నేను మూత పెడుతున్నాను. చొక్కాల సంగతి ఆ తర్వాతి ఒకటో తారీఖున వీరేశం చెబితే తెలిసింది. ఉత్తపుణ్యానికి ఇస్తే నెట్ తీసుకోనందట జ్యోత్స్న. నెలకి నూట నలభై నాలుగు రూపాయలని బేరం కుదిరింది. చొక్కా పన్నెండు చొప్పున, పన్నెండు చొక్కాల ఇస్త్రీతో చెల్లు.

ఈ నెల వీరేశం ఇస్త్రీకి పద్నాలుగు వేశాడు. జ్యోత్స్నకి ఆయన ఇంకా ఇరవై నాలుగు రూపాయలు బాకీ.