దిబ్బకు దురాయి ఎత్తేసిన రోజు

మా చిన్నప్పుడు... సముద్రానికి పోయే దారి తిన్నగా ఉండేది కాదు. ఇసుకదిబ్బ మీద ఏటవాలుగా, మెలికలు తిరుగుతూ పోయేది. నెత్తిన గంప పెట్టుకుని అంత చుట్టు తిరగాలంటే నాకు ఒళ్లుమంట. తిన్నగా తవ్వుకుంటే ఏం పోయిందని రోజూ సణిగేదాన్ని.

మాది నాయుడుపేటలో బస్సెక్కి తూర్పుగా వస్తే, రోడ్డు అయిపోయే చోట ఉండే చేపలవేట పల్లె. ఊరికీ సముద్రానికీ మధ్య ఆ దిబ్బ ఒక్కటే అడ్డం.

ఆ దిబ్బకు దురాయి ఉండేది... అంటే ఊరంతా కూర్చుని పెట్టుకున్న కట్టుబాటు. తట్టెడు ఇసుక ఎత్తకూడదు. దిబ్బ మీద పాకే తీగ కొయ్యకూడదు. ఎవరి మేక ఎక్కితే వాళ్లు మర్నాడు మొగలి మొక్కలు నాటాలి.

ఓసారి మా మేకే ఎక్కింది! మా నాయన ఊరి పెద్ద. అయినా తెల్లారేసరికి మొక్కలు భుజాన వేసుకుని బయల్దేరాడు, వెనకాల నేను. దారిలో అందరూ చూస్తుంటే నాకు తలకొట్టేసినట్టయింది. నాయన మాత్రం నవ్వుతూ గుంతలు తీశాడు.

దిబ్బ కింద మోకాలిలోతు చెలమ తవ్వితే చాలు, తియ్యటి నీళ్లు ఊరేవి. సముద్రం పక్కనే ఇంత తీపి ఎలా అని అడిగితే నాయన అన్నాడు... "వాననంతా దిబ్బ తాగి దాచిపెడతాది పాపా. ఇది ఉండాది కాబట్టే మనం ఈడ ఉండాం."

కొన్నేళ్ల కిందట బయటి నుంచి ఒకాయన వచ్చాడు. దిబ్బను కోసి తిన్నగా రోడ్డేస్తే జనం సముద్రం చూడ్డానికి వస్తారన్నాడు. నేను అప్పటికే మనసులో బజ్జీల బండి పెట్టేసుకున్నాను. ఊరు కూడింది. దురాయి ఎత్తేయాలా వద్దా...

నాయన లేచి నిలబడ్డాడు. "దిబ్బకు వాకిలి తీస్తే ముందుగా లోపలికొచ్చేది జనం కాదబ్బా, సముద్రం."

ఎత్తేద్దామని అందరికన్నా ముందు చెయ్యెత్తింది నేనే. నాయన కూర్చున్నాడు.

మొన్నటి వాయుగుండానికి ఆ రోడ్డు వెంటే నీళ్లు ఊళ్లోకి వచ్చాయి. ఇప్పుడు చెలమ ఉప్పు. ట్యాంకరు రాని రోజు పొయ్యి వెలగదు. నాయన మంచంలోంచి నీళ్లడుగుతాడు... గ్లాసు అందించి ఆయన వైపు చూడలేక పక్కకు తిరుగుతాను.

నిన్న మళ్లీ ఊరు కూడమన్నాం. దురాయి పెట్టాలంటే ఇంటికొకరు రావాలి. సగం ఇళ్లకు తాళాలు. కాళ్లావేళ్లా పడుతున్నాను... మా ఊరివాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఈ ఆదివారం రండి. తిట్టండి, కొట్టండి, కానీ రండి.

మీ ఊళ్లోనూ అందరూ కలిసి కాపాడుకున్నది ఏదైనా ఉండేదా? ఉంటే కింద రాయండి. అది ఇంకా మిగిలుంటే మాత్రం... చెయ్యెత్తే ముందు మీ నాయన ముఖం ఒక్కసారి చూడండి. నేను చూడలేదు.