దాలమ్మ ఒప్పుకున్న కొట్టు

ఉత్తరాది ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో, బర్మామైన్స్ సందులో ఇడ్లీ కొట్టు మొదట పెట్టింది దాలమ్మ. పచ్చకామెర్లతో ఆమె చనిపోయిన ఏడాదిలోపే భర్త ముసలయ్య నూకమ్మను చేసుకున్నాడు. పెళ్లయిన మర్నాడే నూకమ్మ ఆ పొయ్యి ముందు కూర్చుంది. తిన్నవాళ్లు "అచ్చం దాలమ్మ చెయ్యే" అని మెచ్చుకునేవాళ్లు. నూకమ్మ ఇంకో వాయి దించేది.

ముత్తైదువగా పోయిన ఇల్లాలు వాళ్ల ఇళ్లల్లో పేరంటాలై, ఇంటి దేవతగా నిలుస్తుంది. మూలన పసుపు రాసిన ఇత్తడి చెంబు, మడతపెట్టిన చీర, దీపం. ఇంట్లో ఏ కొత్త పని తలపెట్టినా ఆమె ఒప్పుకోవాలి. 1976లో, గోవింద్‌పూర్ లారీల ఫ్యాక్టరీ వైపు సొంతంగా ఇంకో కొట్టు పెడతానని నూకమ్మ అన్నప్పుడు ముసలయ్య ఆ మూలకేసి చూశాడు.

"మీ అక్కనడగాల."

"కాంట్రాక్టు పనికెళ్లినప్పుడు నువ్వెవుల్నడిగినావు?"

"నాను మగోణ్ణి. నన్నామె పట్టించుకోదు."

శుక్రవారం పొద్దున్నే ముసలయ్య తోడబుట్టిన అప్పగారు సూర్యకాంతం జుట్టు విరబోసుకుని చెంబు ముందు కూర్చుంది. సాంబ్రాణి పొగ ఇల్లంతా కమ్మింది. కాసేపటికి ఆమె ఊగసాగింది. గొంతు మారింది. దాలమ్మకు మాట చివర చిన్న దగ్గు వచ్చేదట. ఆ దగ్గూ వచ్చింది. వాకిట్లో ఆడవాళ్లు చేతులు జోడించారు.

"నా పొయ్యి సాల్లేదేటే నీకు?" అంది ఆ గొంతు.

నూకమ్మ దండం పెట్టలేదు. లేచి ఎదురుగా నిలబడింది.

"నీ పొయ్యే, అక్కా. నువ్వెళ్లిపోయాక ఆ పొగ ఎవులు మింగినారు? నీ మొగుణ్ణెవులు సాకినారు? ఈ ఒక్క కొట్టూ నాకొగ్గీ."

"సచ్చినా సవితి పోరు తప్పదే దీనికి!" అని వాకిట్లో ఎవరో నవ్వబోయి నోరు నొక్కుకున్నారు.

ఆ గొంతు రెండుసార్లు దగ్గింది.

"పెట్టుకో. నా పేరు మాత్తరం పోకూడదు."

"నీ పేరే పెడతాను," అంది నూకమ్మ. ఆమెకు కావలసింది కొట్టు. పేరు ఎవరిదైతేనేం అనుకుంది.

గోవింద్‌పూర్‌లో దాలమ్మ హోటల్ అని బోర్డు లేచింది. అక్కడ దాలమ్మను చూసినవాళ్లు లేరు కాబట్టి అందరికీ నూకమ్మే దాలమ్మ. డ్యూటీ దిగినవాళ్లు "దాలమ్మా, చట్నీ దేనా!" అని అరిస్తే "వత్తన్నా" అనేది. మొదట్లో ఆ పిలుపుకు ఒళ్లు జలదరించేదని, పక్కన ఇంకెవరో గరిటె పట్టుకున్నట్టుండేదని తర్వాతెప్పుడో చెప్పుకుంది. కొన్నాళ్లకు జలదరింపు పోయింది. పోయినందుకే భయమేసిందట. మాట చివర దగ్గు మొదలైతే, పొగవల్ల అనుకుంది.

అక్కడ పనిచేసిన అసిరమ్మ 1983లో బాగ్‌బేరాలో సొంత కొట్టు పెడతానంటే, నూకమ్మే దగ్గరుండి పొయ్యి వేయించింది. రైల్వేలో పనిచేసే అసిరమ్మ మొగుడు గొణిగితే, "నీ రైళ్లకి నువ్వు జెండా ఊపుకో నాయనా, దీనికి ఎర్రజెండా ఎందుకు?" అంది.

"బోర్డు మీద నీ పేరే పెడతాను పిన్నీ," అంది అసిరమ్మ.

నూకమ్మ కసిరింది. "నీ పేరు రాయించు. ఇంకెవులదీ వద్దు. నాదీ వద్దు."

కొట్టు తెరిచిన పొద్దున రైల్వే యార్డు నుంచి పట్టాల పని చేసే గ్యాంగ్‌మన్లు వచ్చారు. వాళ్లలో చినబాబుది నూకమ్మ పుట్టిన ఊరే. ఆమెను చూసి సంబరపడిపోయాడు.

"ఓలమ్మా, నూకమ్మా! నువ్వేటే ఇక్కడ?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది, అతను పిలుస్తున్నది ఎవరినా అని.