మా మేనత్త తిట్టని మనిషి

నా చిన్నప్పుడు మా మేనత్త నోటికి జడవని మనిషి నందిగామలో లేడు. ఆవిడ డాక్టరు. ఆస్పత్రి ముందు గదుల్లో, కాపురం వెనక గదుల్లో. మా ఇల్లు జగ్గయ్యపేట. వేసవి సెలవులు ఇవ్వగానే నన్ను బస్సెక్కించి ఆవిడ దగ్గరికి పంపేసేవాళ్ళు. మధ్య తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చుని వచ్చేపోయే రోగుల్ని చూడటమే నా కాలక్షేపం. పెద్దయ్యాక ఏమవుతావని ఎవరడిగినా డాక్టర్నవుతానని టక్కున చెప్పేదాన్ని. తెల్లకోటు, మెళ్ళో స్టెతస్కోపు, ఎంత పెద్ద రైతైనా ఆవిడ ముందు చేతులు కట్టుకు నిలబడటం, ఆ ఉద్యోగంలో నాకు కనిపించింది అంతే.

ఆవిడ వైద్యం తిట్లతో మొదలయ్యేది. జ్వరం ముదిరాక వచ్చావేమని తిట్టేది. మాత్రలు సగంలో మానేశావేమని తిట్టేది. పసిబిడ్డకు పాలు మాన్పించారని తెలిస్తే తల్లినీ, అత్తగారినీ కలిపి వాయించేది. వాళ్ళు ఆ తిట్లన్నీ తిని నవ్వుకుంటూ మందులు తీసుకుపోయేవాళ్ళు. అయితే రెండు మూడు వేసవులు చూశాక నాకొక సంగతి అర్థమైంది. ఎవరితోనూ అనలేదు. ఎప్పుడో ఒకసారి ఎవరినో ఒకరిని ఆవిడ తిట్టదు. పక్కన కూర్చోబెట్టుకుని ఇంట్లోవాళ్ళ బాగోగులు అడుగుతుంది, మెత్తగా మాట్లాడుతుంది. ఆవిడ అలా మాట్లాడినవాళ్ళు మళ్ళీ ఆ గుమ్మం తొక్కరు. వీరులపాడు నుంచి వచ్చే మిరపతోట రైతు మళ్ళీ రాలేదు. పక్కవీధిలో ఆయాసంతో ఉండే ముసలమ్మ రాలేదు. అందుకని ఆస్పత్రిలోంచి తిట్లు వినబడుతున్నంతసేపూ నాకు ధైర్యంగా ఉండేది.

ఆ ఏడు ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం జట్కా సాయిబు వచ్చాడు. బస్టాండు నుంచి నన్ను ఏటా ఇంటికి తెచ్చేది ఆయనే. తన పక్కన కూర్చోబెట్టుకుని, కాసేపు పగ్గాలు నా చేతికిచ్చి, బండి నేనే తోలుతున్నానని నమ్మించేవాడు. ఆ రోజు వెంట భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నారు. చిన్నపిల్ల ఆయన చంక దిగటం లేదు. అంత ఎండలోనూ ఆయన ఫ్యాను గాలి తగలకుండా తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. గొంతు పట్టేసిందనీ, కాలు తిమ్మిరెక్కుతోందనీ చెప్పాడు. ఏ కాలని అడిగింది మా అత్త. లుంగీ పైకి లాగి పిక్క చూపించాడు. మానిపోయిన పంటి గాట్లు కనిపించాయి.

అంతకు రెండు నెలల ముందు కీసర దగ్గర గుర్రానికి నీళ్ళు పెడుతుంటే ఆయన్ని కుక్క కరిచింది. అప్పుడూ ఇక్కడికే వచ్చాడట. అత్త గాయం కడిగి, బొడ్డు చుట్టూ వేసే ఇంజక్షన్లకని సర్కారు ఆస్పత్రికి పంపింది. కొద్ది రోజులు వేయించుకున్నాడు. ఆ నొప్పికి తట్టుకోలేక, బేరాలు పోతున్నాయని మానేశాడు. పుండు మానింది కదా, ఇంకెందుకనుకున్నాడు. ఆ మాట చెప్పి, తిట్లకు సిద్ధపడి తల వంచుకున్నాడు.

మా అత్త తిట్టలేదు.

ఆవిడ లేచి ఫ్యాను కట్టేసింది. నన్ను పిలిచి గ్లాసుతో నీళ్ళు తెమ్మంది. తెచ్చి ఇచ్చాను. సాయిబు గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళాడు. ఉన్నట్టుండి మెడ నరాలు బిగుసుకున్నాయి, గుడ్లు పైకి తేలాయి, ఊపిరి అందక విలవిల్లాడాడు. అత్త గ్లాసు తీసుకుని ఆయనకు కనబడకుండా వెనక పెట్టింది. కాసేపటికి తేరుకుని, చూశారా గొంతు ఎలా పట్టిందో అన్నట్టు ఆయన సిగ్గుగా నవ్వాడు. అత్త కూడా నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా భయమేసింది.

తర్వాత ఆవిడ భార్యను అడగటం మొదలుపెట్టింది. ఆయన ఎంగిలి ఎవరు తింటున్నారు, చొంగ ఎవరు తుడుస్తున్నారు అని. చిన్నపిల్ల రోజూ నాన్న కంచంలోనే తింటుందని తల్లి చెప్పింది. పిల్ల నోరు తెరిపించి చూస్తే లోపల పూత పూసి ఉంది. నలుగురూ రేపటి నుంచి ఇంజక్షన్లు వేయించుకోవాలంది అత్త. అప్పట్లో సూదులు వేస్తుంటే తండ్రి పెట్టిన కేకలు విన్న పెద్దపిల్లాడు అప్పుడే గుమ్మం దాటబోయాడు. "ఆయన పడ్డ బాధ చూశానమ్మా, నా పిల్లలకొద్దు. గొంతుకి మందివ్వండి, పోతాం" అని భార్య లేచి నిలబడింది. అత్త నచ్చజెప్పింది, బతిమాలింది. ఆవిడ బతిమాలటం నేను చూసింది అదొక్కసారే. సాయిబు భార్య వినలేదు.

అప్పుడు అత్త తల్లీపిల్లల్ని అరుగు మీద కూర్చోమని పంపి, ఆయన పక్కన కూర్చుంది. తలుపు దగ్గర నేనున్న సంగతి మర్చిపోయింది.

"సాయిబు గారూ, ఇది గొంతునొప్పి కాదు. కుక్క కాటు విషం. పైకొచ్చేసింది. దీనికిక నా దగ్గర మందు లేదు."

"గుంటూరు పోతే తగ్గుద్దా అమ్మా?"

"తగ్గదు. పంపిస్తా, బాధ తెలీకుండా చూస్తారు. అంతకంటే ఎవరూ ఏం చేయలేరు."

ఆయన ఆవిడ వంక చూశాడు. ఆవిడ చూపు తిప్పుకోలేదు. "పిల్లలకి తప్పకుండా వేయించాలి. మీ ఆవిడ నా మాట వినట్లా. మీరు చెబితే వింటది" అంది.

నాకు మా అత్త మీద పట్టరాని కోపం వచ్చింది. చచ్చిపోతావని మొహం మీద చెప్పింది చాలక, ఆ మనిషి చేతే పని చేయించుకుంటోంది అనిపించింది. ఇంత రాతిగుండె మనిషి ఇంట్లోనా నేను సెలవులు గడుపుతున్నది అనుకున్నాను.

సాయిబు తువ్వాలుతో మొహం తుడుచుకుని అరుగు మీదికి వెళ్ళాడు. చిన్నపిల్ల ఎత్తుకోమని చేతులు చాపింది. ఆయన చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. పిల్ల ఏడుపు లంకించుకుంది. అయినా వంగలేదు. "డాక్టరమ్మ చెప్పినన్ని సూదులు వేయించుకోండి. నేను మధ్యలో మానేసా. మీరు మానొద్దు" అని భార్యతోనూ, పెద్దాడితోనూ చెప్పాడు. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. పిల్లను తీసుకుని గుండెలకు అదుముకుంది.

ఆ సాయంత్రమే ఆయన్ని కారులో గుంటూరు పంపారు. తిరిగి రాలేదు. తల్లీపిల్లలు ఒక్క రోజూ మానకుండా ఇంజక్షన్లు పూర్తిచేశారు, నలుగురూ బతికారు. ఆయన ఎంగిలి వల్ల విషం అసలు వాళ్ళకు సోకిందో లేదో ఎవరూ చెప్పలేరు. చూద్దాంలే అని ఊరుకోదగ్గ జబ్బు కాదది.

కారు వెళ్ళిపోయాక అత్త నన్ను దగ్గరికి పిలిచి, ఇంకా డాక్టరువి కావాలని ఉందా అని అడిగింది. వద్దన్నాను. మంచిదమ్మా అని మెత్తగా తల నిమిరింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నన్ను తిట్టు అత్తా, తిట్టు, అని కాళ్ళు పట్టుకుని ఏడ్చాను. ఆవిడకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, పెద్దవాళ్ళ మాటలు చాటుగా వింటావా దొంగముండా అని నోరారా తిట్టింది. అప్పటికి గానీ నా వణుకు తగ్గలేదు.

నేను లెక్కల టీచర్నయ్యాను. ఇప్పుడు మా మనవరాలికి మెడిసిన్ సీటు వచ్చేలా ఉంది. ఇంట్లో రోజూ అదే గోల. ఇన్నేళ్ళ చదువు, ఇంత ఖర్చు, చివరికి రోగి పోతే ఆస్పత్రి మీద రాళ్ళు, అవసరమా ఇదంతా అంటాడు మా అల్లుడు. చేరమంటావా అని మొన్న ఆ పిల్ల నన్నే అడిగింది. నేను చేరమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఈ కథంతా చెప్పాను. అంతా విని, "అయితే అమ్మమ్మా, ఆ రోజు ఆవిడ అన్నం తిన్నారా?" అంది. ఇన్నేళ్ళలో ఎందరికో చెప్పాను. సాయిబు గురించి అడిగారు, పిల్లల గురించి అడిగారు, మా అత్త గురించి ఎవరూ అడగలేదు.

తినలేదు. గదిలో గోడవైపు తిరిగి పడుకుంది. కానీ మర్నాడు పొద్దున, రోజూ తీసే వేళకే, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ వెళ్ళి ముందు తలుపు గడియ తీసింది. అవతల అరుగు మీద అప్పటికే జనం కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఎవరికి ఏం చెప్పాల్సి వస్తుందో ఆవిడకు తెలియదు. ఆ గడియ చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. నేనైతే తీయలేనని ఆ పొద్దున్నే తెలిసింది.