ఏడు చుట్ల తెల్ల టేపు

నిన్న పొద్దున లక్ష్మమ్మ ఫోన్ చేసింది. "అన్నా, ఆయన పోయినాడన్నా."

"సరేమ్మా" అన్నాను.

నా కారు రెడీ అయిందని చెప్పడానికీ ఆమే ఫోన్ చేసేది. అప్పుడూ ఇదే మాట అనేవాణ్ణి.

లక్ష్మమ్మ భర్త, హిందూపురం మెకానిక్ నారాయణప్ప ఇక లేడు. షెడ్డు తాళం తీస్తూ కూలిపోయాడట. గుండె. నా పాత అంబాసిడర్‌ను ఇన్నేళ్ళు బతికించినవాడు.

సాయంత్రం మట్టి చేసేముందు లక్ష్మమ్మ నన్ను పిలిచి, "నాలుగు మాటలు చెప్పన్నా. నీ మాటంటే ఆయనకిష్టం" అంది.

నిలబడ్డాను.

ఒక్క వాక్యం రాలేదు. ప్రసంగానికి లేస్తే మూడు వీధులకు వినిపించే గొంతు నాది. కంట్లో తడి కూడా లేదు.

వెనక ఎవరో అన్నారు, "మైకు పెట్టింటే మాట్లాడుండునేమో."

లక్ష్మమ్మ తల దించుకుంది.

అందుకే ఇది రాస్తున్నాను.

ఒకసారి ధర్మవరంలో నా సువార్త మీటింగ్. ముందురోజు ఇంజన్‌కుండే టెంపరేచర్ సెన్సార్ దగ్గర నీళ్ళు కారుతున్నాయి. నారాయణప్ప అమరాపురంలో పెళ్ళికి పోయాడు. ఇదేం పెద్ద పనని కొత్త సెన్సార్ కొని నేనే బిగించాను. మళ్ళీ కారకూడదని, కొళాయిలకు వాడే తెల్ల టేపు దాని మరకు చుట్టాను.

ఏడు చుట్లు. బైబిల్లో యెరికో కోట గోడల చుట్టూ తిరిగినన్ని.

రేడియేటర్‌లో తగ్గిన నీళ్ళు నింపడం మాత్రం మరిచాను.

దారి పొడవునా గేజిలో ముల్లు చల్లని వైపే పడుకుంది. దేవునికి స్తోత్రం అనుకుంటూ తోలాను. పెనుకొండ చేరేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి.

ఫోన్ చేస్తే నారాయణప్ప బైక్ మీద వచ్చాడు. ఇంజన్ ఆరేదాకా చెయ్యి వేయనివ్వలేదు. ఆ గంటసేపూ నేను నులివెచ్చని విశ్వాసం మీద ఆవేశంగా బోధించాను. అంతా విని,

"ఇంజన్ ఆరిందిలే. నువ్వే ఇంకా ఆరలా" అన్నాడు.

సెన్సార్ విప్పి చూశాడు.

"ఏమప్పా పాస్టరూ, దీనికి దెబ్బ తగిలిందని కట్టు కట్టినావా?"

"నీళ్ళు కారకూడదని..."

"దీనికుండేది ఒకటే వైరు. రెండో వైరు ఈ మరే. మర పోయి ఇంజన్ ఇనుముకు తగిల్తేనే ముల్లు లేస్తాది. నడాన నువ్వు టేపు కప్పితివి. ముల్లు లేయలేదని ఇంజన్ చల్లగా ఉండాదనుకుంటివా?"

గోటితో టేపంతా గీకేశాడు. రాగి వాషర్ వేసి, చేత్తో తిరిగినంత తిప్పాడు. ఆఖర్న స్పానర్ నా చేతికిచ్చాడు.

"కొంచెమే. ప్రసంగం చేసినట్లు బిగీయాకు."

మీటింగ్‌లో ఆఖరి పాటకు చేరాను.

లేఖనంలో ముగ్గురు స్నేహితులున్నారు. మిత్రుని దుఃఖం చూసి ఏడు రోజులు నోరు తెరవకుండా నేలమీద కూర్చున్నారు. ఆ తర్వాత వాళ్ళు మాట్లాడిన మాటలను స్టేజీ మీద ఎన్నిసార్లు దులిపేశానో. ఆ ఏడు రోజుల గురించి ఒక్కసారీ చెప్పలేదు.

ఈ పొద్దు కారు స్టార్ట్ చేసి, ఎక్కడికీ పోకుండా అందులోనే కూర్చున్నాను. కాసేపటికి గేజిలో ముల్లు లేచి తన చోటికి వచ్చి నిలబడింది.

లక్ష్మమ్మా, ఇది ఎవరైనా నీకు చదివి వినిపిస్తారు.

నిన్న నా ముల్లు లేయలేదమ్మా. ఇంజన్ చల్లగా ఉండాదనుకోవద్దు.

పోయిరా నారాయణప్పా. ఇంక ఏ బండీ నిన్ను పిలవదు. దేవుని నీడలో నెమ్మదిగా ఉండు.