మడి ఇంట్లో పగడం

తార్నాకలో పాత కాపురస్థులు కామాక్షిని పగడం కామాక్షమ్మ అనే పిలిచేవారు. ఒంటిమీద పగడాలు దిగేసుకుని తిరిగిందని కాదు. పగడాన్ని పెంచిందని.

ఆమెది కాకినాడ. భర్త కొండలరావు యూనివర్సిటీలో జువాలజీ లెక్చరరు. భూదేవి అనే ఆవిడ ఇంట్లో వెనక వాటాలో అద్దెకుండేవారు. వంటంతా అత్తగారు వెంకటరమణమ్మ మడి కట్టుకుని చేసేది, బయటి వ్యవహారాలన్నీ భర్త చూసుకునేవాడు. కామాక్షి వంతుకి కూరలు తరగడం, బట్టలు ఆరేయడం మిగిలేవి. ఇది నీది, నువ్వే చూసుకో అని ఆమెకి ఆ ఇంట్లో ఎవరూ ఏదీ అప్పగించలేదు.

ఒక ఏడు కొండలరావు విద్యార్థుల్ని మద్రాసు అవతలున్న మండపం అనే ఊరి సముద్రతీరానికి తీసుకెళ్లి, వస్తూ వస్తూ ప్రాణమున్న పగడం ఒకటి సముద్రపు నీళ్ల డబ్బాలో తెచ్చాడు. డిపార్ట్‌మెంటులో ఎండ తగిలే కిటికీ లేదని ఇంటి వరండాలో గాజుతొట్టి పెట్టించి అందులో దింపాడు. బుడగలు వదలడానికో చిన్న మోటారు. చూద్దామని వచ్చిన భూదేవి తన పుస్తెలతాడులోని ఎర్ర పగడపు పూస పట్టుకుని, తొట్టిలోకి చూసి పెదవి విరిచింది.

"గిది పగడమంటే ఎట్ల నమ్మాలమ్మా? బెల్లంగడ్డ లెక్కున్నది."

నిజానికి అలాగే ఉంది. కానీ సాయంత్రం వెలుగు తగ్గేసరికి ఆ గడ్డమీద సన్నని చేతులు వందలకొద్దీ విచ్చుకునేవి. అది చూసిన రోజే కామాక్షి మనసు దానిమీద పడిపోయింది.

మరుసటేడు మళ్లీ మండపం వెళుతూ కొండలరావు ఆమెని తొట్టి దగ్గరికి పిలిచాడు.

"నీళ్లు తగ్గితే ఈ గీత దాకా మంచినీళ్లే పొయ్యి. ఉప్పు వెయ్యకు. ఆవిరైపోయేది నీళ్లేగాని ఉప్పు కాదు. ఎండ తగలనీ. మొండి జాతి, అంత తేలిగ్గా చావదు. కానీ నా పరిశోధనంతా దీనిమీదే ఉంది, జాగ్రత్త."

"మరి తిండో?"

"ఎండే దానికి తిండి."

కామాక్షికి భయమూ వేసింది, గర్వమూ కలిగింది. ఇన్నాళ్లకి తనని నమ్మి ఒక ప్రాణం అప్పగించాడు. అది పోయిందంటే ఆ నమ్మకం మళ్లీ రాదని ఆమెకి బాగా తెలుసు.

ఈలోగా ఊళ్లో ఉద్యమం గొడవలు ముదిరాయి. యూనివర్సిటీ మూసేశారు, రైళ్లు సరిగ్గా నడవలేదు. కొండలరావు మద్రాసులో చిక్కుకుపోయాడు. ఇక్కడ పగడం చిక్కిపోయింది. కండ పలచబడి, కింద దాని రాతి గూడు అంచులు బయటపడసాగాయి.

ఆకలేస్తున్నదని కామాక్షికి అనిపించింది. ఆకలికి ఆ ఇంట్లో తెలిసిన మందు అన్నం. మెత్తగా పిసికి వేయబోతుంటే అత్తగారు అడ్డుపడింది, వద్దనడానికి కాదు.

"వట్టి అన్నమేమిటే, బీదాళ్లింట్లోలా! ఒక చుక్క నెయ్యి వెయ్యి."

వేసింది. తెల్లారేసరికి నీళ్లు కుడితిలా అయ్యాయి. పైన నేతి తెట్టు, భరించలేని కంపు. పగడం ముడుచుకుపోయి తీగలు తీగలుగా జిగురు వదులుతున్నది. తొట్టి పక్కనే కూలబడి కామాక్షి వెక్కివెక్కి ఏడ్చింది. "అజీర్తి చేసిందే పాపం," అని అత్తగారు తానూ కళ్లొత్తుకుంది.

ఏడిస్తే బతుకుతుందా? వరండా మూల కొండలరావు పెద్ద సీసాలో దాచిన సముద్రపు నీళ్లున్నాయి. కామాక్షి కొంగు బిగించి పాడైన నీళ్లన్నీ తోడిపోసి, గాజుకంటిన జిడ్డు తుడిచి, దాచిన నీళ్లు నింపింది. కంపు పోయింది, జిగురు ఆగింది. ఆకలి మాత్రం అలాగే ఉంది.

సముద్రంలో పుట్టినది సముద్రపు తిండే తింటుంది కదా అని అప్పుడు తట్టింది. దొడ్లోకి వెళ్లి భూదేవి చెవిలో చెప్పింది. భూదేవి గుండె మీద చెయ్యేసుకుంది.

"రొయ్యలా! అమ్మో, పెద్దమ్మ చూసిందంటే నా ఇంట్లకెల్లి నన్నే ఖాళీ చెయ్యమంటది!"

అన్నదే గాని, మర్నాడు ముషీరాబాద్ చేపల బజారు నుంచి మోదుగాకులో చుట్టి తెచ్చిచ్చింది. పుట్టి బుద్ధెరిగి ముట్టనిదాన్ని కామాక్షి కళ్లు సగం మూసుకుని సన్నగా తరిగింది. సాయంత్రం చీపురుపుల్లకి ముక్క గుచ్చి తొట్టిలోకి వంగేసరికి వెనక అత్తగారి గొంతు.

"ఏమిటే ఆ వాసన?"

అబద్ధం ఆడదామన్నా కామాక్షికి నోరు రాలేదు. "రొయ్యండీ, అత్తయ్యగారూ. ఇది పెట్టకపోతే చచ్చిపోతుంది."

వెంకటరమణమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. వెళ్లిపోలేదు. ముక్క తగలగానే చిన్న చేతులు ఒక్కొక్కటే దానిమీదికి వాలి, మెల్లిగా లోపలికి లాక్కున్నాయి.

"తింటోందే!" అన్నది ముసలావిడ. ముక్కుమీది కొంగు తీయకుండానే ముందుకి వంగి, "ఎన్నాళ్ల ఆకలో వెర్రిముండకి. ఇంకో ముక్క వెయ్యి. ఆ పుల్లా ఆకూ గడప దాటి లోపలికి రాకూడదు. తలకి పోసుకుని మరీ లోపలికి రా."

కొండలరావు తిరిగొచ్చేనాటికి పగడం కండపట్టి నిండుగా ఉంది. అది చూసి ఆయన మురిసిపోయాడు. ఆ సాయంత్రం కామాక్షి వరండాలోకి వచ్చేసరికి ఆయన అటూ ఇటూ చూసి జేబులోంచి కాగితం పొట్లం తీస్తున్నాడు. అందులో రొయ్యముక్కలు.

కామాక్షి గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఇది ఎప్పట్నించి?"

ఆయన దొంగలా నీళ్లు నమిలాడు. "మొదట్నించీ. లాబొరేటరీ నుంచి అప్పుడప్పుడు తెచ్చి వేసేవాణ్ణి. నీతో అంటే అమ్మదాకా వెళుతుందని చెప్పలేదు. నేనొచ్చేదాకా ఎండతో నెట్టుకొస్తుందిలే అనుకున్నా."

ఆమెకి కోపమూ దుఃఖమూ కలిసి వచ్చాయి. పగడాన్ని అప్పగించి, దాని ఆకలి మాత్రం దాచుకున్నాడు.

"అది చావుదాకా వెళ్లొచ్చింది. మీ అమ్మగారి ఎదుటే రొయ్య పెట్టి బతికించుకున్నాను," అని చెయ్యి చాచింది. "ఆ పొట్లం ఇటివ్వండి. మీరు ఊళ్లో ఉన్నా లేకపోయినా ఇకమీదట దాని తిండి నేనే చూస్తాను."

కొండలరావు పొట్లం ఆమె చేతిలో పెట్టాడు.