అద్దె స్కూటరు మీద దీవికి

మా ఆయన ఇల్లు విడిచి వెళ్ళిన రెండో ఏడు, ఆయన శ్రీహరికోట దీవిలో ఉన్నాడని కబురు వచ్చింది. చైనా యుద్ధం అయిన మరుసటి ఏడు అది.

కబురు తెచ్చినవాడు కట్టెల పడవ మనిషి. దీవిలో కొట్టిన సరుగుడు కట్టెలు పడవలకెక్కి, ప్రళయకావేరి సరస్సు దాటి, కాలవలో పడి మద్రాసు పోయేవి. అతడిది మా పుట్టింటి పక్క ఊరే. మా పెళ్ళిలో వడ్డన చేసినవాడు కనుక మా ఆయన ముఖం బాగా ఎరుగును.

"పిలిస్తే పలకలేదు గానీ, ఆయనేనమ్మా. గడ్డం పెంచినాడు. ఎండకి మాడిపొయినాడు. కళ్ళు మాత్తరం అయ్యే కళ్ళు" అన్నాడు.

ఆయన ఎందుకు వెళ్ళిపోయాడో చెప్పాలి. మాది చిట్టమూరు పక్క పల్లె, వరి వ్యవసాయం. మాకు ఒక్కతే కూతురు. రెండేళ్ళు నిండిన పిల్ల. ఆ వానాకాలం ఊళ్ళో వాంతులూ బేదులూ తిరిగాయి. తెల్లవారేసరికి పాప కళ్ళు గుంటలు పడ్డాయి. పిలిస్తే చూపు తిప్పడం లేదు. ఎడ్లు పొలంలో ఉన్నాయి. బండి కట్టేదాకా ఆగలేక, ఆయన పాపను నా పాత చీరతో ఎదకు కట్టుకుని, సైకిలెక్కి గూడూరు ఆసుపత్రికి బయలుదేరాడు. నేను వాకిట్లో నిలబడి చూస్తూనే ఉన్నాను. ఎండ బాగా ఎక్కాక అదే సైకిలు నెట్టుకుంటూ తిరిగివచ్చాడు. చీర ఇంకా ఎదకు కట్టే ఉంది. గడప దగ్గర నిలబడి, "ముడి నువ్వు విప్పు" అన్నాడు.

పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరితోనూ మా అత్త ఒకటే చెప్పేది. "బండిలో తీసకపొయ్యుంటే బతికుండేదేమో! ఆ గుంతల్లో సైకిలు మీద పసిబిడ్డ పేణం నిలస్తాదా?" ఆవిడ కొడుకు మీద కోపంతో అన్నది కాదు. దుఃఖాన్ని ఎక్కడో ఒకచోట పెట్టాలి కనుక అక్కడ పెట్టింది. పంచలో కూర్చున్న ఆయనకు ఆ మాట ప్రతిసారీ వినపడేది. కొన్నాళ్ళకు అన్నం ముందు కూర్చుని లేచిపోవడం మొదలుపెట్టాడు. పాప పేరు ఎత్తలేదు. నాతో పడుకున్నా గోడవైపు తిరిగే. ఒకనాడు పొద్దున పార తీసుకుని మడికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళాడు. పార గట్టు మీద దొరికింది. మనిషి దొరకలేదు.

బావులు వెతికారు. కాలవలు వెతికారు. పెన్న ఒడ్డున సంగం ఆనకట్ట దాకా వెళ్ళి శవాలేమైనా తేలాయా అని అడిగి వచ్చారు. నేను బొట్టు తుడుచుకోలేదు. ఎవరూ తుడుచుకోమని చెప్పే ధైర్యం చేయలేదు. కానీ పేరంటాల్లో నాకు తాంబూలం ఇచ్చే ముందు ఒక్క క్షణం చెయ్యి ఆగేది. ఆ క్షణం నాకు తెలిసేది, వాళ్ళకూ తెలిసేది.

మా తమ్ముడు గూడూరులో అభ్రకం కంపెనీలో గుమాస్తా. కబురు విన్నరోజే వచ్చాడు. "దీవి చిన్నది గాదక్కా. ఈ కొసాన ఒక కట్టెల కూపు, ఆ కొసాన ఒక కూపు. నడిచి తిరగలేం. సైకిలు అద్దెకు తెస్తా, వెనకాల కూచో" అన్నాడు.

సైకిలు మాట వినగానే బయటికి పరుగెత్తి పోయి గోడ పట్టుకుని నిలబడ్డాను. వాడు రెండు రోజుల తరువాత పచ్చ రంగు స్కూటరు ఒకటి అద్దెకు తీసుకుని వాకిట్లో దిగాడు. గూడూరులో స్కూటర్లు బాగుచేసే మనిషి దగ్గర తెచ్చాడట. పెళ్ళి ఊరేగింపులకు తప్ప దాన్ని ఎవరికీ అద్దెకివ్వడట. మా తమ్ముడు తన యజమాని స్కూటరు మీద నడపడం నేర్చుకున్నాడు.

"యాడికని అడిగినాడు. సూళ్ళూరుపేట అన్నా. ఉప్పు గాలి దానికి పడదబ్బయా, ఇసకలోకి మాత్తరం దించబాక అన్నాడు" అని నవ్వాడు. అప్పటికి మాకు ఇంకా నవ్వు వస్తూ ఉండేది.

ఆ పొద్దున నేను తలంటుకుని కనకాంబరాలు పెట్టుకున్నాను. పాప పోయినాక పూలు పెట్టుకోవడం అదే మొదలు. ఆయన పంచె ఒకటి, చొక్కా ఒకటి ఉతికి సంచిలో పెట్టుకున్నాను. మా అత్త వాకిలి దాకా వచ్చి, "కాళ్ళు పట్టుకోనైనా పిలుచుకోని రా తల్లీ. నేనన్న మాటలు మనసులో పెట్టుకోవద్దన్నానని చెప్పు" అంది.

మద్రాసు రోడ్డు మీద మమ్మల్ని చూడటానికి జనం కొట్ల ముందుకు వచ్చి నిలబడ్డారు. ఒక ఆడమనిషి స్కూటరు మీద కూర్చుని పోవడం ఆ రోజుల్లో వింత. నేను ఎవరినీ పట్టించుకోలేదు. చెయ్యి చాపితే ఆయన అందుతాడన్నంత దగ్గరగా అనిపించింది. ఏమని పిలవాలి, మొదట ఏ మాట అనాలి అని దారంతా అనుకుంటూనే ఉన్నాను.

సూళ్ళూరుపేట దాటి సరస్సు ఒడ్డుకు చేరాము. ఖాళీగా దీవికి తిరిగిపోతున్న కట్టెల పడవ వాళ్ళను బతిమాలి, స్కూటరును దాంట్లోకి ఎత్తించాము. దాన్ని పక్కకు పడుకోబెట్టి తాళ్ళతో కట్టారు. పడవవాళ్ళు గడలు వేస్తుంటే మా తమ్ముడు హ్యాండిలు పట్టుకునే కూర్చున్నాడు. నీళ్ళు లోతు లేవు, అడుగున బురద కనపడుతూ ఉంది. దాటడానికి చాలా సేపు పట్టింది.

దీవిలో రోడ్డు అనేది లేదు. బండ్ల చక్రాలు పడిన ఇసుక దారులు. రెండు పక్కలా జీడిమామిడి, నేరేడు, దట్టమైన అడవి. స్కూటరు నాలుగు బారలు పోయేది, దిగబడేది. నేను దిగి వెనక నుంచి నెట్టేదాన్ని. మొదటి కూపులో అడిగితే ఆనవాళ్ళు చెప్పగానే మేస్త్రీ తల ఊపాడు.

"ఆ మూగాయనా? మూగోడు గాదులే, మాట్లాడడంతే. పని బాగా చేస్తాడు. ఇప్పుడు కట్టెలు కొట్టడం మానేసినాడు. సముద్రం పక్క పాళెంలో వల లాగేదానికి పోతుండాడు."

అక్కడి నుంచి సముద్రం వైపు మళ్ళాము. ఒకచోట స్కూటరు చక్రం సగం దాకా ఇసుకలో కూరుకుపోయింది. ఇంజను మోతకు పక్కనున్న గుడిసె నుంచి ఒక యానాది ఆమె వచ్చి, తాటాకులు చక్రం కింద పరిచి మాతో పాటు నెట్టింది. మేము ఎవరికోసం వచ్చామో విని నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"ఆ అయ్య మంచోడే తల్లా. ఎవుర్నీ ఏమనడు. ఒకటే... బిడ్డనెత్తుకున్న ఆడోళ్ళు ఎదురైతే దోవ దిగి పక్కకి పోతాడు. వాళ్ళు దాటిందాకా చెట్టుకి మొహం పెట్టి నిలబడతాడు."

అప్పటిదాకా ఎక్కడో ఒక మూల అనుమానం ఉండేది. ఆ మాటతో అది పోయింది. తలలో పూలు సర్దుకుని స్కూటరు ఎక్కాను.

చెట్లు అయిపోయి సముద్రం కనపడింది. అలలు మనిషెత్తు లేచి విరిగి పడుతున్నాయి. ఒడ్డున అలివి వల లాగుతున్నారు. వలను సముద్రంలో అర్ధచక్రంగా వేసి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకు తెచ్చి, రెండు వరసల మనుషులు సముద్రం వైపు ముఖం పెట్టి వెనక్కి వెనక్కి అడుగులేస్తూ లాగుతారు. వరస చివరికి వచ్చినవాడు తాడు వదిలి, మళ్ళీ నీళ్ళ దగ్గరికి పోయి ముందు పట్టుకుంటాడు. మేము వాళ్ళ వెనక నుంచి వచ్చాము కనుక మాకు అందరి వీపులే కనపడ్డాయి.

ఆయన వీపు నాకు తెలుసు. ఎముకలు తేలి, నల్లబడి ఉన్నా తెలుసు. నేను వరస చివర నిలబడ్డాను. ఆయన ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ నా దగ్గరికే వస్తున్నాడు. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో తాడు వదిలాడు.

"బావా!" అని మా తమ్ముడు కేక పెట్టాడు.

ఆయన వెనక్కి తిరిగి వాడిని చూశాడు. నన్ను చూశాడు. నా తలలో పూలు చూశాడు. ఆ ముఖంలో ఏదో కదిలింది. నేను చూశాను, ఇవాళ్టికీ ఒట్టు వేసి చెబుతాను. తరువాత అది ఆరిపోయింది.

"ఎవురు కావాలమ్మా మీకు?" అన్నాడు.

దారంతా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. "ఇంటికి పోదాం రాయ్యా" అన్నాను.

"ఎవుర్నో అనుకోని వచ్చినట్టుండారు. నేను గాదు."

వల పెద్ద, నెరిసిన మీసాల ముసలాయన, తాడు పక్కవాడికిచ్చి దగ్గరికి వచ్చాడు. "ఏమబ్బయా, నీ ఆడమనిషంట గదా?" అని అడిగాడు.

ఆయన ఇసుక వైపు చూస్తూ చెప్పాడు. "నా పెళ్ళాం బిడ్డా ఇద్దురూ చచ్చిపొయినారు పెద్దాయనా. వచ్చిన్నాడే చెప్పినా గదా మీకు."

మా తమ్ముడు మీదికి ఉరికి ఆయన భుజాలు పట్టుకుని ఊపేశాడు. "ఎదురుగా నిలబెట్టుకోని చచ్చిందంటావా? నీకు కళ్ళు లేవా?" అని అరుస్తూ ఏడుస్తున్నాడు. ఆయన విడిపించుకోలేదు. కొట్టినా పడేటట్టే ఉన్నాడు. వరసల్లో మనుషులు లాగుతూనే మమ్మల్ని చూస్తున్నారు.

"వదల్రా" అన్నాను. "ఆయన గాదు. మనమే పొరబడినాం."

మా తమ్ముడి చేతులు జారిపోయాయి. ఆయన నా వైపు చూడకుండా నడుచుకుంటూ వెళ్ళి, నడుము లోతు నీళ్ళలో దిగి, తాడు మొదట పట్టుకున్నాడు. అల వచ్చి ఆయన తల మీదుగా విరిగింది. నురగలోంచి మళ్ళీ లేచాడు. ముసలాయనకు అంతా అర్థమైంది. "అమ్మా, ఎండలో నిలబడబాక. మా ఇంట్లో నీళ్ళు తాగి పోదువుగానీ" అన్నాడు. నేను సంచి ముసలాయన చేతికిచ్చి, "ఎవరికైనా పనికొస్తే ఇయ్యండి" అని వెనక్కి తిరిగాను.

తిరుగు దారిలో స్కూటరు ఆగిపోయింది. మా తమ్ముడు కిక్కు కొట్టి కొట్టి, చివరకు దాని పక్కనే ఇసుకలో కూలబడ్డాడు. "ఎందుకట్టా అన్నావక్కా? ఇంకో మాట అడిగుంటే వచ్చేవాడేమో!"

"నన్ను గుర్తు పట్టినాడురా. గుర్తు పట్టి కూడా ఆ మాటన్నాడు. ఇంకేం అడిగేది?"

వాడు లేచి హ్యాండిలు పట్టుకున్నాడు. ఇద్దరం దాన్ని పడవ దాకా నెట్టుకుంటూ వచ్చాము.

ఇంట్లో "ఆ మనిషి ఈయన గాదత్తా" అని చెప్పాను. మా అత్త నమ్మింది. లేదా నమ్మినట్టు ఊరుకుంది. నేను పుట్టింటికి వచ్చేశాను. మా తమ్ముడు నన్ను నెల్లూరులో టీచరు ట్రైనింగులో చేర్పించాడు. చదివాను, ఉద్యోగం చేశాను, ఊళ్ళు మారాను. దేనిలోనూ నాకు ప్రాణం లేదు. అక్కల వెంట బడికి వచ్చి, పలక పట్టుకుని నా ఎదుట నిలబడ్డ రెండేళ్ళ, మూడేళ్ళ పిల్లలను నేను ఏనాడూ ఎత్తుకోలేదు.

అరవైల చివర ఆ దీవిని ప్రభుత్వం తీసుకుంటోందనీ, అక్కడి జనాన్ని ఇవతలికి పంపిస్తున్నారనీ విన్నాము. మా తమ్ముడు పోయి సరస్సు ఒడ్డున దిగిన కుటుంబాలన్నిట్లో విచారించాడు. ఆ పాళెం వాళ్ళు కొందరు కనపడ్డారు. వల పెద్ద చనిపోయాడట. మా ఆయన సంగతి అడిగితే ఒకరు మద్రాసు పడవెక్కాడన్నారు, ఒకరు తెప్ప మీద పోయి తిరిగి రాలేదన్నారు. ఒకరు అట్లాంటి మనిషే లేడన్నారు.

మా అత్త పోయే ముందు నన్ను పిలిపించింది. నేను వెళ్ళేసరికి మాట సన్నబడింది. నా చెయ్యి పట్టుకుని, "నిజంగా వాడు గాదా?" అని అడిగింది.

"గాదత్తా" అన్నాను.

ఆవిడ కళ్ళు మూసుకుని, "అయితే వాడు రానిది నా మీద కోపంతో గాదులే" అంది. మళ్ళీ తెరవలేదు. పక్కనున్నవాళ్ళు తల దగ్గర దీపం పెట్టమన్నారు. నేను లేచి అగ్గిపెట్టె కోసం వెతికాను.